నడిగోదారిలో కనబడని కిటికీ

సుత్తి ఎత్తి డాక్టర్ భానోజీరావు ఒక్క దెబ్బ వేశాడు. కోటిపల్లి రేవులో రెండు ఇటుకల మీద పడుకోబెట్టిన యాక్రిలిక్ ప్లాస్టిక్ షీటు మూడు ముక్కలైంది. చుట్టూ మూగిన జనం "అయ్యో" అన్నారు. రెండోది పాలీకార్బొనేట్ షీటు. దాన్ని ఎన్ని దెబ్బలు కొట్టినా సుత్తి ఎగిరి వెనక్కొచ్చిందే గాని షీటుకు చీమ కుట్టినట్టయినా లేదు. జనం చప్పట్లు కొట్టారు.

లాంచీ నడిపే సరంగు సంగాని నూకరత్నం మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె గుప్పెడు కొబ్బరి పీచు తడిపి, ఇసుకలో అద్ది, ఆ గట్టి షీటును అంట్లు తోమినట్టు నాలుగు రుద్దులు రుద్దింది. కడిగి ఎండకెత్తి చూస్తే అవతలి ఒడ్డు మసక మసగ్గా కనబడింది.

"సుత్తులు పట్టుకుని నా లాంచీ ఎవరెక్కుతారండీ డాక్టరు గారూ?" అందామె. "రోజూ తగిలేది ఇదీ. ఇసక గాలి, ఉప్పు గాలి, మా సత్తిరాజు బాబాయి తుడుపు గుడ్డా."

పక్కనే తాడు చుడుతున్న కళాసీ సత్తిరాజు తలెత్తాడు. అరవై దాటినవాడు, నూకరత్నం తండ్రి సరంగుగా ఉన్న రోజుల నుంచీ అదే లాంచీలో ఉన్నాడు. "మధ్యలో నా గుడ్డ ఏం చేసిందమ్మాయ్?" అన్నాడు.

"నీ గుడ్డకి ఏ షీటైనా రెణ్ణెల్లు తాళదు బాబాయ్. అందులో ఇసక వేరే, గుడ్డ వేరే కాదు."

ఇది ఇంకా రాని కాలంలో జరిగిన కథ. రాని కాలంలో జరగడమేమిటని అడక్కండి, కథలకు ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వాలి. అప్పటికి సముద్రం మూరెడు పైకొచ్చింది. గోదారి పాయల మధ్య లంకల్లో రోడ్లు ఏడాదికి ఆరునెలలు నీళ్ళ కిందే ఉంటాయి. బస్సులు పోయి లాంచీలొచ్చాయి. ఎండతో నడిచే కొత్త మోటార్లు బిగించాక వాటి వేగం మూడింతలైంది. ఆ వేగానికి పాత టార్పాలిన్ పరదాలు చిరిగి పీలికలయ్యాయి. కోటిపల్లిలో తలదువ్వుకుని ఎక్కిన పెళ్ళికొడుకు రాజమహేంద్రవరంలో తడిసిన కోడిలా దిగేవాడు.

లాంచీలన్నిటి మీదా పెత్తనం లంక జలరవాణా మండలిది. మండలి వారు రెండు దారులు చూపించారు. లాంచీకి పారదర్శకమైన కిటికీలు పెట్టుకోండి, నూరురోజులు వాడాక మా మీటరు పెడతాం, అవతలి వెలుతురులో నూటికి తొంభై పాళ్ళు ఇవతలికి రావాలి. రాకపోతే కిటికీల్లేకుండా ఇనప రేకు కప్పేస్తాం, లోపల తెరలు పెట్టి గోదారిని బొమ్మలో చూపిస్తాం, లాంచీని కాకినాడలో ఒక గదిలోంచి నడిపిస్తాం. "సరంగుల ఉద్యోగాలు ఎక్కడికీ పోవు, వాళ్ళకు ఆ గదిలో కుర్చీలు వేస్తాం," అని కూడా దయగా రాశారు.

ఆ కుర్చీ మాట విన్నప్పటినుంచి నూకరత్నానికి అన్నం సయించడంలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె గోదారిని కళ్ళతో చదువుతోంది. ఇసక మేట ఉన్నచోట నీరు కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది. సుడి పుట్టేముందు నీటి మీద నూనె రాసినట్టు నునుపొస్తుంది. ఇవి తెరమీద కనబడవని కాదు, కనబడొచ్చు. కాని ఎదురుగా గోదారి లేకుండా గోదారిలో లాంచీ నడపమంటే, విస్తరి ఫోటో చూసి భోజనం చెయ్యమన్నట్టుంది ఆమెకు.

అందుకే కిటికీ షీటు ఎంచుకోవడం ఆమెకు పెళ్ళికొడుకుని వెతకడం కంటే పెద్ద పనైంది. మామూలు గాజు పెడితే బరువు, పగిలితే ప్రయాణికులకు గాయాలు. యాక్రిలిక్ నీళ్ళలా తేటగా ఉంటుంది, ఎండకు ఏళ్ళతరబడి రంగు మారదు, కాని గట్టి దెబ్బ ఓర్చుకోదు. పైగా కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూస్తే రెండోరోజుకి దానిమీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు లేచాయి. పాలీకార్బొనేట్ దెబ్బలు తింటుంది, కాని గీతలు పడుతుంది. ఎండకు ఆగే పైపూత లేకపోతే రెండు వేసవులకి పచ్చబడుతుంది. ఇలా ఒక్కోదానికీ ఒక్కో అవకరం.

"మూడోది చూడండి," అన్నాడు భానోజీరావు. విశాఖపట్నం పాలిమర్ ప్రయోగశాలలో పదకొండేళ్ళు దీనిమీదే కూర్చున్న మనిషి. ఆ పదకొండేళ్ళలో జుట్టు సగం పోయింది, ఓపిక మాత్రం అలాగే ఉంది. ఆయన సంచిలోంచి మూడో షీటు తీశాడు. తీశాడని ఆయన చేతులు పట్టుకున్న తీరును బట్టి తెలిసింది గాని, చేతుల మధ్య ఏదైనా ఉన్నట్టు కనబడలేదు.

నూకరత్నం దాన్నీ ఇసకతో తోమింది. మసకబారింది. "ఇదీ అంతేనండీ," అంది నీరసంగా.

"ఎండలో పెట్టి ఒక్క పావుగంట ఆగండి అమ్మా."

పావుగంట తర్వాత ఆ మసక ఏమైందో తెలియదు. గీతల్లేవు. నూకరత్నం వేలితో తడిమి చూసి, వేలు ముక్కుదగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది.

"గాయం మానినట్టు మానుతుంది," అన్నాడు డాక్టరు. "ప్లాస్టిక్ అంటే పొడుగాటి అణువుల గొలుసులు. ఎండ తగిలితే దీని పైపొరలో ఆ గొలుసులు కాస్త వదులవుతాయి. తెగిన చివరలు వెతుక్కుని మళ్ళీ చేతులు కలుపుకుంటాయి."

"ఇడ్లీ పిండిలో వేలితో గీత గీస్తే పూడుకున్నట్టా?"

డాక్టరు ఆమె వంక అలాగే చూశాడు. పదకొండేళ్ళుగా రాసిన వ్యాసాల్లో ఈ ఒక్క వాక్యం కోసమే వెతుక్కున్నానని అప్పుడాయనకు తట్టింది. "అంతేనమ్మా, సరిగ్గా అంతే," అన్నాడు.

సుత్తి దెబ్బ తిని నిలిచింది. కిరసనాయిలు తాగి నిలిచింది. మూడురోజులు పెట్టని పరీక్ష లేదు. నాలుగోరోజు నూకరత్నం "సరే, ఇదే," అంది. బిగించేటప్పుడు సత్తిరాజు అలవాటుకొద్దీ మరలు బిర్రుగా తిప్పబోతే డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. "రంధ్రం మర కంటే పెద్దదిగా ఉండాలి, కింద రబ్బరు బిళ్ళ ఉండాలి. ఎండకి ప్లాస్టిక్ ఒళ్ళు విరుచుకుంటుంది, చోటు లేకపోతే పగులుతుంది."

"మా ఆవిడా అంతేనండి బాబూ," అని సత్తిరాజు మర వదులు చేశాడు.

లాంచీ ఇరవైరెండు కిటికీలతో, సరంగు ముందొక పెద్ద కిటికీతో నీళ్ళలోకి దిగింది. ఎక్కినవాళ్ళు "కిటికీలు పెడతామన్నారు, ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. నూకరత్నం గర్వంతో నవ్వింది. భానోజీరావు అన్నిరకాల పరీక్షలూ చేశాడు. ఒక్కటి మిగిలిపోయింది. ఆయనది సముద్రం ఊరు. అక్కడ నీటిలోకి ఎవరూ డబ్బులు విసరరు.

గోదారి సంగతి వేరు. ఎంత వేగం లాంచీ అయినా నడిగోదారిలో లోతు పాయ మీదికి రాగానే సరంగు మోటారు నెమ్మది చేస్తాడు. జనం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, నీటిలో నాణెం వేస్తారు. డబ్బంతా ఫోనుల్లోకి పోయి నాణేలు అచ్చువెయ్యడం మానేసి అప్పటికి పదిహేనేళ్ళు. అయినా ప్రతి ఇంట్లో పోపులపెట్టె అడుగున నాలుగు పాత బిళ్ళలుంటాయి. వాటికి లోకంలో మిగిలిన పని గోదారమ్మకివ్వడం ఒక్కటే.

మొదటిరోజే ఆ పని తగులుకుంది. కేశవరం లంక సూరయ్యమ్మ మనవరాలికి నెలలు నిండాయి. ముసలమ్మ పాత అయిదు రూపాయల బిళ్ళ కళ్ళకద్దుకుని "తల్లీ, రెండు ప్రాణాలూ చల్లగా ఉండాలి," అని విసిరింది. టంగుమంది. బిళ్ళ తిరిగొచ్చి ఆమె ఒళ్ళోనే పడింది.

సూరయ్యమ్మ మొహం పాలిపోయింది. "గోదారమ్మ వద్దంది," అంది.

"వద్దనడం కాదు పిన్నీ, అక్కడ కిటికీ ఉంది!" అని నూకరత్నం స్టీరింగు దగ్గర్నుంచే అరిచింది.

కిటికీ ఉంటే మాత్రం ముసలమ్మ ఊరుకుంటుందా? బిళ్ళను ఆ కనబడని కిటికీకి ఆనించి, బొటనవేలితో నొక్కి పట్టి "తీసుకో తల్లీ, తీసుకో," అని ఏడుస్తూ కూర్చుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. పావుగంటకి వేలు తీసి చూస్తే బిళ్ళ కిందపడలేదు. షీటు దాన్ని లోపలికి తీసుకుని పైన మూసుకుంది. ఎండలో బిళ్ళ తళతళమంటోంది, వెనకాల గోదారి పారుతోంది.

"తీసుకుందర్రా!" అని సూరయ్యమ్మ వేసిన కేక అటు ముక్తేశ్వరం రేవులో వినబడిందంటారు.

మూడోరోజు మనవరాలికి కవలలు. ఇక చెప్పేదేముంది! ముంతలు, పోపులపెట్టెలు, అటకమీది ట్రంకుపెట్టెలు ఖాళీ అయ్యాయి. పరీక్షలకెళ్ళే పిల్లలు, పంట వేసినవాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు, కుదిరి భయపడుతున్నవాళ్ళు, అందరూ లాంచీ ఎక్కి కిటికీకి బిళ్ళ నొక్కారు. వెళ్ళినప్పుడల్లా తమ బిళ్ళ ఉన్న సీట్లోనే కూర్చోవాలని పట్టుబట్టారు. ఒకాయన భార్యమీద కోపంతో పెళ్ళి ఉంగరం నొక్కేసి, సాయంత్రానికి రాజీపడి, మర్నాడు ఉంగరం కోసం పరుగెత్తుకొచ్చాడు. వెనక తలుపు తెరిచిపెట్టి "బిళ్ళలు ఇక్కణ్ణుంచి నీళ్ళలో వెయ్యండి," అని నూకరత్నం మొత్తుకుంది. నీళ్ళలో వేస్తే అమ్మ తీసుకుందో లేదో ఎలా తెలుస్తుందని వాళ్ళు ఎదురడిగారు.

ఎనభయ్యోరోజున భానోజీరావు మీటరు పట్టుకుని వచ్చాడు. ప్రయాణికుల కిటికీల్లోంచి నూటికి ముప్ఫైనాలుగు పాళ్ళు వచ్చింది. బాగున్నదల్లా సరంగు ముందున్న కిటికీ ఒక్కటే. దాని దగ్గరికి నూకరత్నం ఎవర్నీ రానివ్వలేదు.

"బిళ్ళను గాయమనుకుని మాన్పేస్తోంది," అని తల పట్టుకున్నాడు డాక్టరు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందండి," అన్నాడు సత్తిరాజు.

ఉపాయం లేకపోలేదు. వేడి చేసిన చాకుతో కోసి బిళ్ళలు తీసేస్తే, రెండురోజుల ఎండలో షీటు దానంతటదే మానుతుంది. డాక్టరు చాకు తెచ్చాడు కూడా. నూకరత్నం అది పట్టుకుని సూరయ్యమ్మ బిళ్ళ దగ్గర నిలబడింది. ఆ బిళ్ళ వెనక ఇద్దరు పసిపిల్లలున్నారు. చెయ్యి ముందుకు సాగలేదు. అలాగని వదిలేస్తే ఇరవై రోజుల్లో ఇనప రేకూ, కాకినాడ గదిలో కుర్చీనూ. ఆమె చాకు కింద పెట్టి కళ్ళొత్తుకుంది.

మర్నాడు నడిగోదారిలో మోటారు ఆపేసింది. స్టీరింగు సత్తిరాజుకిచ్చి ప్రయాణికుల మధ్యకొచ్చి నిలబడింది. దాపరికం లేకుండా చెప్పింది.

"ఈ బిళ్ళలుంటే కిటికీలుండవండి. కిటికీల్లేకపోతే నేనుండను. తియ్యమని అడగడానికి నాకు నోరు రావట్లేదు. కాని గోదారిని చూడకుండా నేను బతకలేను. అంతేనండి."

సూరయ్యమ్మ లేచింది. ఆ రోజు ఆమె భుజం మీద ముని మనవడొకడు, ఆమె కూతురి ఒళ్ళో ఇంకొకడు ఉన్నారు.

"ఏదీ ఆ చాకు ఇలా తే," అంది. "అమ్మకిచ్చింది ఎక్కడికీ పోదు. మొదట నాదే తియ్యి. నువ్వు కళ్ళతో చూసి నడిపే పడవైతేనే నేనెక్కుతాను. ఎక్కడో గదిలో కూర్చుని నడిపేవాడికి, సుడొస్తే వాడి కుర్చీ కదులుద్దా?"

ఆ తర్వాతి ఆదివారం లాంచీని కోటిపల్లి రేవులో కట్టేశారు. లంకల జనం అట్లకాడలు, పాత చాకులు, బొగ్గుల కుంపట్లు పట్టుకుని వచ్చారు. కాల్చిన అట్లకాడతో ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకున్నారు. పిల్లలు విసనకర్రలతో కుంపట్లు విసిరారు. ఎవరో పులిహోర గంపలు దింపారు. భానోజీరావు తన పదకొండేళ్ళ కష్టాన్ని అట్లకాడలతో గోకుతుంటే మొదట గుండె పట్టుకున్నాడు. తర్వాత రెండోసారి పులిహోర పెట్టించుకుని తనూ ఒక అట్లకాడ అందుకున్నాడు. సాయంత్రం లాంచీని నడిగోదారికి తీసుకెళ్ళి, వెనక తలుపు తెరిచి, అందరూ ఒక్కసారి "గోదారమ్మా!" అని బిళ్ళలు నీళ్ళలో వదిలారు. నూకరత్నం అప్పుడు కూడా స్టీరింగు దగ్గరే ఉంది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

రెండురోజులకి కిటికీలు మళ్ళీ కనబడకుండా పోయాయి. అప్పట్నుంచి జనం బిళ్ళ చేత్తో పట్టుకుని వెనక తలుపు దాకా బుద్ధిగా నడిచివెళ్ళారు.

నూరోరోజున మండలి పరీక్షాధికారి కమలాకరం గారు వచ్చారు. పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా, మీటరు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరితోనూ మాట కలపలేదు. ఆయన పుట్టిన లంక ఇరవై ఏళ్ళ క్రితం నీళ్ళలో కలిసిపోయిందని, అప్పట్నుంచి గోదారి మీదికి రావడం ఇదే మొదటిసారని ఎవరికీ తెలియదు.

లోతు పాయ వచ్చింది. నూకరత్నం మోటారు నెమ్మది చేసింది. ఎదురుగా, వెనక చూపించే అద్దంలో కమలాకరం గారి మొహం కనబడుతోంది. ఆయన దూరంగా, ఊరు ఉండాల్సిన చోట ఉన్న నీటివంక చూస్తున్నారు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. పర్సు అడుగునుంచి ఒక నల్లబడ్డ రెండు రూపాయల బిళ్ళ తీశారు. కళ్ళకద్దుకున్నారు.

"అయ్యా, వద్దండీ!" అని భానోజీరావు లేచేలోపే విసిరేశారు.

టంగుమంది. బిళ్ళ తిరిగొచ్చి మీటరు పెట్టె మీద పడింది.

నూకరత్నం అద్దంలోంచి అంతా చూసింది. ఇరవైరెండు కిటికీలూ ఇంత తేటగా కడిగి, ఆఖరికి అధికారి బిళ్ళతోనే పోయేట్టుందా? కమలాకరం గారు బిళ్ళవంక, కిటికీవంక మార్చి మార్చి చూశారు. మొహం సూరయ్యమ్మది ఆనాడు పాలిపోయినట్టే పాలిపోయింది.

ఆయన పక్క సీట్లో ఉన్నది సూరయ్యమ్మే. ఆ మొహం చూడగానే ఆవిడకి లాంచీ, పరీక్ష, నూకరత్నం కుర్చీ ఏవీ గుర్తు రాలేదు. "విసరకూడదు బాబూ," అంది మెల్లగా. "ఇలా నొక్కాలి. తీసుకుంటుంది, భయపడకు." అని ఆయన చెయ్యి పట్టుకుని బిళ్ళను కిటికీకి ఆనించింది.

పావుగంట సేపు మండలి పరీక్షాధికారి కిటికీకి బొటనవేలు ఆనించి కూర్చున్నారు. వేలు తీసేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. కిటికీ మధ్యలో ఆయన బిళ్ళ మెరుస్తోంది.

భానోజీరావు పెట్టె వైపు చెయ్యి చూపించాడు. "మీటరు పెట్టమంటారా సార్?"

"ఎందుకండీ?" అన్నారు కమలాకరం గారు. మొదటిసారి నవ్వారు. "కిటికీ తేటగా ఉందా లేదా చూడ్డానికే వచ్చాను. కిటికీ ఉందని తెలిసే కూర్చున్నాను. అయినా లేదనుకుని విసిరాను. ఇంతకంటే మీటరు ఏం చెబుతుంది?"

సరిగ్గా ఆ మాటే అక్కడికక్కడే నివేదికలో రాశారు. కిందనే ఇంకో వాక్యం చేర్చారు: ప్రతి లాంచీలోనూ ఒక్క కిటికీని గోదారికి వదిలెయ్యాలి. లాంచీలో కేకలూ ఈలలూ మిన్నుముట్టాయి. నూకరత్నం స్టీరింగు వదలకుండానే పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. కాకినాడ గదిలో కుర్చీలు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయట.

ఇక డాక్టరు గారి సంగతి. ఏడాది తిరక్కుండా భానోజీరావు షీటుకు దేశమంతటా పేరొచ్చింది. నదులున్న ప్రతి ఊరునుంచీ ఆర్డర్లు. అన్నీ బిళ్ళలు నొక్కుకునే కిటికీ కోసమే. బయటికి చూడ్డానికని అడిగినవాడు ఒక్కడు లేడు. పట్టుదల ఉన్న మనిషి కాబట్టి ఆయన ఇంకో రెండేళ్ళు కష్టపడి కొత్త షీటు చేశాడు. అది గీతలు మాన్పుకుంటుంది, కాని దేన్నీ పట్టుకోదు. నూటికి నూరుపాళ్ళు వెలుతురు వస్తుంది. లాంచీల వాళ్ళకి తనే ఫోన్లు చేశాడు.

"బిళ్ళని పట్టుకుంటుందాండీ?" అని అడిగారు వాళ్ళు.

"పట్టుకోదండీ, అదే దీని గొప్ప."

"అయితే పాతదే పంపండి బాబూ."

కొత్త షీటు ఒక్కటంటే ఒక్కటే చెల్లింది, నూకరత్నానికి. ఆయనే స్వయంగా తెచ్చి సరంగు ముందు బిగించాడు. తీసేసిన పాతదాంట్లోంచి అరచేయంత ముక్క కోసి, స్టీరింగు పక్కన, ఎండ తగిలేచోట, చేతికందేట్టు పెట్టాడు.

"ఇదెందుకండీ?" అంది నూకరత్నం.

"ముప్ఫై ఏళ్ళుగా అందరూ బిళ్ళలు వేసేవేళ మీ రెండు చేతులూ దీనిమీదే ఉన్నాయి కదమ్మా," అన్నాడు డాక్టరు స్టీరింగు చూపించి. "మీరెప్పుడైనా వేశారా?"

వెనకనుంచి సత్తిరాజు చెయ్యి చాపాడు, అందులో పాత రూపాయి బిళ్ళ ఉంది. లోతు పాయ వచ్చింది. నూకరత్నం మోటారు నెమ్మది చేసి, ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో బిళ్ళను నొక్కింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

"ఏం కోరుకున్నారమ్మా?" అని అడిగాడు భానోజీరావు, షీటు మూసుకున్నాక.

"కోరుకోడానికేముంది డాక్టరు గారూ, ఎదురుగా కనబడుతుంటే," అంది నూకరత్నం. తర్వాత మోటారు వేగం పెంచింది, రాజమహేంద్రవరం చేరే టైము అప్పటికే దాటిపోతోంది.